ఆడపడుచు బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉంది, మాకూ భయముందా?

ప్రశ్న: నా వయసు 29. ఇప్పుడు 12వ వారం గర్భిణిని. మా ఆడపడుచు కుమారుడికి డౌన్ సిండ్రోమ్ ఉంది. ఆమెది మేనరికం కాబట్టే బాబు అలా పుట్టాడని, మాది బయటి సంబంధం కనుక భయం లేదని అత్తగారు అంటున్నారు. మొన్న తీసిన ఎన్‌టీ స్కాన్ బాగానే ఉందన్నారు. ఇంకా పరీక్షలు అవసరమా?
– ఒక సోదరి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ముందుగా మేనరికం మాట. తలసీమియా వంటి వ్యాధుల విషయంలో మీ అత్తగారి జాగ్రత్త సరైనదే కానీ, డౌన్ సిండ్రోమ్‌కు మేనరికం కారణం కాదు. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటం వల్ల అది వస్తుంది. సుమారు 95 శాతం మందిలో ఈ అదనపు క్రోమోజోము, ఎక్కువగా అండం తయారయ్యేటప్పుడు జరిగిన పొరపాటు వల్ల, విడిగా వచ్చి చేరుతుంది; అది వంశపారంపర్యం కాదు. మూడు నాలుగు శాతం మందిలో మాత్రం అది మరో క్రోమోజోముకు, తరచుగా 14వ దానికి, అతుక్కొని ఉంటుంది. దీనిని ట్రాన్స్‌లొకేషన్ అంటారు. ఇలా అతుక్కున్న క్రోమోజోమును మోస్తున్నవారికి 46కు బదులు 45 క్రోమోజోములే ఉన్నా వారు పూర్తి ఆరోగ్యంగా ఉంటారు కనుక, తోబుట్టువులలో ఇంకెవరికి అది వచ్చిందో రక్తపరీక్ష లేకుండా చెప్పలేము.

అందువల్ల మీకు ముందుగా కావలసినది ఆ బాబు కేరియోటైప్ (రక్తంలో క్రోమోజోముల సంఖ్య, ఆకారం చూసే పరీక్ష) రిపోర్టు. అందులో 47 క్రోమోజోములు ఉండి, విడి 21 అదనంగా ఉన్నదని రాసి ఉంటే మీవారి వైపు నుంచి అదనపు భయం లేనట్టే. 46 అనే అంకె చూసి మాత్రం నిశ్చింత పడవద్దు. ట్రాన్స్‌లొకేషన్ ఉన్న బిడ్డకు లెక్క 46గానే వస్తుంది. అప్పుడు మీవారికి కేరియోటైప్ చేయించాలి. ఆయనకు 14, 21 అతుక్కుని ఉన్నాయని తేలినా బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం 3 శాతం లోపే. అదే తల్లికి ఉంటే 10 నుంచి 15 శాతం.

ఎన్‌టీ స్కాన్ శిశువు మెడ వెనుక ద్రవం మందాన్ని కొలుస్తుంది, క్రోమోజోములను చూడలేదు. డబుల్ మార్కర్ అనే తల్లి రక్తపరీక్షతో కలిపి చూసినా పదింట ఒకటి తప్పిపోవచ్చు. తల్లి రక్తంతో చేసే ఎన్‌ఐపీటీ ఇంకా నమ్మదగినదే గానీ, అదీ వడపోత పరీక్షే. అనుమానం వస్తే మాయ ముక్కనో, 15 వారాలు నిండాక ఉమ్మనీటినో పరీక్షించి నిర్ధారించుకోవాలి. (అందులో లింగం కూడా తెలిసిపోతుంది కానీ, 1994 చట్టం ప్రకారం దానిని మీకు చెప్పరు, మీరు అడగకూడదు.) వీటిలో ఏది వచ్చినా రాకపోయినా 18–20 వారాలలో శిశువు అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్ మానవద్దు.

ఆడపడుచును రిపోర్టు అడగడానికి మొహమాటమైతే, లేదా అది దొరక్కపోతే, మీవారి రక్తాన్నే నేరుగా పరీక్షించవచ్చు. పంజాగుట్టలోని నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. ఫలితానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు కనుక ఈ వారంలోనే వెళ్లండి. అప్పుడు ఉమ్మనీటి పరీక్ష అవసరమైతే దానికి తగిన సమయం మిగులుతుంది.