కడుపు పుండ్ల ప్రయోగం గురించి రాసేటప్పుడు: యువ రచయితకు లేఖ

చి. అమ్మాయికి,

హెచ్‌ఐవీ మందు ఎఫవిరెంజ్ ఎలుకల కడుపు పుండ్లపై చూపే ప్రభావం గురించి రాస్తున్నావు కదా. ముందు నీ ప్రశ్న తేల్చుకో. మందు తనంతట తాను పుండు చేస్తుందా, వేరే కారణంతో అయ్యే పుండును పెంచుతుందా, మానకుండా ఆపుతుందా? ఈ మూడింటికీ ప్రయోగాలు వేరు. ఎఫవిరెంజ్ తాగించాక ఇండోమెథాసిన్ అనే నొప్పి మందు ఇస్తే పుండ్లు ఎక్కువయ్యాయనుకో, దాన్నిబట్టి "మందు అల్సర్ తెప్పిస్తుంది" అని రాయకూడదు. ఆ మాట అనాలంటే ఎఫవిరెంజ్ ఒక్కటే ఇచ్చిన గుంపు ఉండాలి. మానడం సంగతి తేలాలంటే ముందు అసిటిక్ ఆమ్లంతో పుండు చేసి, తర్వాత రోజూ మందిస్తూ పుండు వైశాల్యం కొలవాలి.

పుండు ఎలా చేశారో తప్పక రాయి. ఇథనాల్ (ఆల్కహాల్) గంటలోపే లోపలి పొరను నేరుగా కాల్చి నెత్తుటి చారలు తెస్తుంది. ఇండోమెథాసిన్, కడుపు పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుంది. దాంతో జిగురు, బైకార్బనేట్, రక్తప్రసరణ తగ్గి కొన్ని గంటల్లో పుండ్లు పడతాయి. పైలోరస్‌ను, అంటే కడుపు నుంచి పేగులోకి పోయే ద్వారాన్ని, దారంతో కడితే కడుపులోనే నిలిచిపోయిన ఆమ్లం ముఖ్యంగా ముందరి భాగాన్ని తినేస్తుంది. గ్రంథులు లేని ఆ భాగం మనిషి కడుపులో లేనే లేదు. అందుకే పుండు ఏ భాగంలో పడిందో చెప్పని వాక్యం నాకు అసంపూర్ణంగానే కనిపిస్తుంది.

మోతాదు దగ్గర చాలామంది తడబడతారు. 60 కిలోల మనిషికి 600 మి.గ్రా. అంటే కిలోకు 10. శరీర ఉపరితలాన్ని బట్టి ఎలుకకు లెక్కగట్టాలంటే 6.2తో గుణించాలి, కిలోకు 62 మి.గ్రా. వస్తుంది. ఎఫవిరెంజ్ నీళ్లలో దాదాపు కరగదు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే చిక్కటి ద్రావణంలో కలిపి ఇస్తే అడుగున పేరుకుంటుంది. ప్రతి సిరంజికీ ముందు కలియబెట్టకపోతే ఒక ఎలుకకు తక్కువ, మరొకదానికి ఎక్కువ అందుతుంది. మందు లేకుండా ఆ ద్రావణం మాత్రమే తాగిన గుంపు కూడా ఉందా అని చూడు.

ఉపవాసంలో నీళ్లుంటాయి, మేత ఉండదు. గూడు అడుగున తీగవల లేకపోతే ఎలుకలు తమ పెంటికలే తింటాయి. కడుపు ఖాళీ కాదు, పుండ్లు తగ్గినట్టు కనిపిస్తాయి. పుండ్లకు మార్కులు వేసేవారికి ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు. 0, 1, 2, 3 అని వేసే మార్కులు వరుస స్థానాలే కాబట్టి సగటుకన్నా మధ్యగతం నయం. గుంపుల మధ్య పోలికకు, వరుస స్థానాలతోనే లెక్కగట్టే క్రుస్కల్–వాలిస్ పరీక్ష సరిపోతుంది.

శీర్షికలో "ఎలుకల్లో" అన్న మాట ఉండి తీరాలి. ఆ ఎలుకలకు హెచ్‌ఐవీ లేదనీ రాయి. నీ వ్యాసం చదివి భయపడిన రోగి మాత్రలన్నీ ఒక్కసారిగా మానేస్తే, దానితో కలిపి వాడే మిగతా హెచ్‌ఐవీ మందులు రక్తంలోంచి పోయాక కూడా ఎఫవిరెంజ్ ఒక్కటే చాలా రోజులు మిగిలి ఉంటుంది. ఆ ఒంటరి మందుకు వైరస్ లొంగకుండా మారిపోవచ్చు.