కాఫీ యంత్రం, కెటిల్, వేడినీళ్ల డిస్పెన్సర్: మూడూ ఒకేసారి కొనాలా?

ప్రశ్న: మా ఇంట్లో నలుగురం ఉంటాం. నేనూ మావారూ రోజుకు రెండేసి కప్పుల కాఫీ తాగుతాం. అమ్మకు రోజుకు మూడుసార్లు టీ కావాలి, మధ్యమధ్యలో తాగడానికి వేడినీళ్లూ కావాలి. ఇప్పటిదాకా అన్నీ పొయ్యి మీదే కాస్తున్నాం. క్యాప్సూళ్లతో (ఒక్కో కప్పుకు సరిపడా కాఫీ పొడి నింపిన చిన్న డబ్బాలతో) పనిచేసే కాఫీ యంత్రం, ఎలక్ట్రిక్ కెటిల్, రోజంతా నీళ్లను వేడిగా ఉంచే డిస్పెన్సర్ మూడింటినీ కలిపి 12 నెలల వడ్డీ లేని వాయిదాల మీద ఇస్తామంటున్నారు. యంత్రం ధర కెటిల్ ధరకు సుమారు 12 రెట్లు. వారానికి మూడు నాలుగు సార్లు బయట కాఫీ తాగుతున్నాం కాబట్టి, ఆ ఖర్చు తగ్గి యంత్రం డబ్బు తిరిగి వచ్చేస్తుందని మావారు అంటున్నారు. కొనమంటారా?

జవాబు: కెటిల్‌ను ఈ వారమే కొనండి. డిస్పెన్సర్ బదులు మంచి ఫ్లాస్కు ఒకటి తీసుకోండి. కాఫీ యంత్రాన్ని మాత్రం మూడు నెలలు వాయిదా వేయండి. ఈ మూడూ వంటింట్లో పక్కపక్కనే కూర్చునే వస్తువులే అయినా, డబ్బు ఖర్చు పెట్టించే తీరులో ఒకదానితో ఒకదానికి పోలిక లేదు. అందుకే వాటిని ఒకే మూటగా కట్టి ఒకే వాయిదాలో చూపించినప్పుడు కొనేవారికి అసలు లెక్క కనబడకుండా పోతుంది.

ముందు నీళ్ల సంగతి చూద్దాం. 25 డిగ్రీల దగ్గర ఉన్న లీటరు నీటిని 100 డిగ్రీలకు తీసుకురావడానికి కావలసిన వేడి 0.087 యూనిట్లు. కెటిల్ ఒళ్లు వేడెక్కడానికి, ఆవిరిగా పోవడానికి కొంత కలుపుకుంటే 0.1 యూనిట్, అంటే ఒక యూనిట్ కరెంటుతో దాదాపు పది లీటర్లు మరుగుతాయి. 1500 వాట్ల కెటిల్ ఆ లీటరును సుమారు నాలుగు నిమిషాల్లో కాస్తే, 3000 వాట్లది రెండు నిమిషాల్లో కాస్తుంది కానీ బిల్లులో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. వాట్లు ఎక్కువైతే కరెంటు ఎక్కువ కాలుతుందన్న భయంతో చాలామంది చిన్న కెటిల్ వైపు మొగ్గుతారు. నిజానికి వాట్ల సంఖ్యను చూడవలసింది బిల్లు కోసం కాదు, మీ వంటింటి సాకెట్టూ వైరూ ఆ భారాన్ని మోయగలవా అన్నది తేల్చుకోవడానికి. గ్యాస్ మంట వేడిలో సగానికి అటూ ఇటూగా మాత్రమే గిన్నెకు అందుతుంది, మిగతాది అంచుల పక్కనుంచి గాలిలో కలుస్తుంది. అయినా మీ దగ్గర గ్యాస్ బాగా చవకైతే కెటిల్ వల్ల ఇంధనంలో మిగిలేది స్వల్పమే. అప్పుడు మీరు కొంటున్నది సమయాన్నీ, నీళ్లు కాగగానే దానంతటదే ఆగిపోయే భద్రతనూ. వయసు మీద పడినవారు ఉన్న ఇంట్లో ఆ రెండింటి కోసం కెటిల్ ధర పెట్టడం నా దృష్టిలో సబబే.

అయితే కెటిల్‌లోనూ డబ్బు వృథా అయ్యే చోటు ఒకటుంది. రెండు కప్పులకు 400 మిల్లీలీటర్లు చాలు. ఏదో పరధ్యానంలో లీటరున్నర నింపి కాచి, మిగిలిన నీటిని చల్లారబెట్టడం రోజుకు నాలుగుసార్లు జరిగితే, ఏడాదికి దాదాపు 160 యూనిట్లు ఊరికే పోతాయి. అందువల్ల కొనేటప్పుడు రంగుల దీపాల కన్నా ముందు, లోపల లేదా పక్కన ఉండే గీతల్లో కనీస మట్టం ఎక్కడుందో చూడండి. అది అర లీటరు దగ్గర ఉంటే ఒక్క కప్పు కోసం కూడా అర లీటరు కాయాల్సిందే. పావు లీటరు దగ్గర ఉన్న కెటిల్ మీ ఇంటికి సరిపోతుంది. మూత సరిగ్గా పడుతుందో లేదో కూడా నొక్కి చూడండి. చాలా కెటిళ్లలో మరిగిన ఆవిరి చిన్న దారిగుండా వచ్చి రెండు లోహాల పట్టీని తాకితేనే స్విచ్ పడిపోతుంది. మూత వదులైతే ఆవిరి పైనుంచే పోయి, కెటిల్ మరుగుతూనే ఉంటుంది. అందులో పాలు మాత్రం కాయకండి. అడుగున మాడి అంటుకుంటాయి, పొంగి ఆ స్విచ్ దారిని మూసేస్తాయి.

కోరిన ఉష్ణోగ్రత దగ్గర ఆపే కెటిల్‌కు ఎక్కువ ధర పెట్టాలా అన్నది తాగే పానీయాన్ని బట్టి ఉంటుంది. గ్రీన్ టీకి 70 నుంచి 80 డిగ్రీల నీరు మేలు, మరిగే నీరు పోస్తే చేదు దిగుతుంది. మామూలు టీకి మరుగుతున్న నీరే కావాలి. అమ్మగారు తాగేది మామూలు టీ అయితే ఆ అదనపు ధర అనవసరం.

ఇక డిస్పెన్సర్. దీన్ని వద్దనడానికి కారణం దాని ధర కాదు, అది ఎప్పుడూ ఆగకపోవడం. వేడి నిలిపి ఉంచడానికి అది సగటున 40 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజంతా ప్లగ్‌లో ఉంటే దాదాపు ఒక యూనిట్ అవుతుంది. అంటే ఎవరూ ఒక్క గుక్క తాగకపోయినా, కెటిల్‌లో పది లీటర్లు మరిగించినంత కరెంటు దానికి ప్రతిరోజూ పోతుంది. గోడల మధ్య శూన్యం ఉన్న రకాలకు ఇంతకంటే తక్కువే పడుతుంది, కానీ వాటి ధర ఎక్కువ. మీ ఇంట్లో మధ్యమధ్యలో వేడినీళ్లు తాగేది ఒక్కరే కాబట్టి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కెటిల్‌లో కాచి లీటరు స్టీలు ఫ్లాస్కులో పోసి ఆమె కుర్చీ పక్కన పెడితే ఆ అవసరం తీరిపోతుంది. పదిమంది వచ్చిపోయే ఇల్లయితే నా జవాబు వేరేగా ఉండేది.

అసలు ప్రశ్న కాఫీ యంత్రానిది. దాని ధర అందరికీ కనిపిస్తుంది, క్యాప్సూళ్ల ఖర్చు మాత్రం నెలనెలా చిల్లరగా పోతుంది కాబట్టి కనిపించదు. చిన్న క్యాప్సూల్‌లో సాధారణంగా 5 నుంచి 6 గ్రాముల కాఫీ పొడి ఉంటుంది, అంటే కిలో పొడికి దాదాపు 170 నుంచి 200 క్యాప్సూళ్లు. మీకు చెప్పిన క్యాప్సూల్ ధరను 170తో గుణించి, వచ్చిన మొత్తాన్ని మీరు ఇప్పుడు కొంటున్న పొడి కిలో ధర పక్కన రాసుకోండి. ఈ ఒక్క గుణకారం చేయకుండా యంత్రం కొనవద్దని నా దగ్గరకు వచ్చే ప్రతి కుటుంబానికీ చెబుతాను. మీరిద్దరూ కలిసి రోజుకు నాలుగు కప్పులంటే ఏడాదికి 1460 క్యాప్సూళ్లు. యంత్రాన్ని సగం ధరకే ఇచ్చినా ఈ సంఖ్య మారదు. క్యాప్సూళ్లను ఒకే కంపెనీ తయారు చేస్తుంటే రేపటి ధర కూడా మీ చేతిలో ఉండదు.

మీవారి వాదనలో ఒక న్యాయం ఉంది. బయట తాగే కప్పు నిజంగా తగ్గితే యంత్రం డబ్బు తిరిగి రావచ్చు. అయితే బయట మీరు తాగేది కేవలం కాఫీయేనా, లేక ఓ అరగంట కూర్చుని మాట్లాడుకునే అవకాశం కూడానా అన్నది మీ ఇద్దరికే తెలుసు. రెండోదైతే యంత్రం వచ్చాక కూడా ఆ ఖర్చు అలాగే ఉంటుంది, దానికి క్యాప్సూళ్ల ఖర్చు తోడవుతుంది. ఈ సంగతి తేల్చడానికే మూడు నెలలు అడుగుతున్నాను. వేడినీళ్లలో పొడిని నాననిచ్చి జల్లెడతో కిందికి నొక్కే చిన్న ఫ్రెంచ్ ప్రెస్ గానీ, ఆవిరి ఒత్తిడితో కాఫీ దించే, 1933లో ఇటలీలో పుట్టిన మోకా పాట్ గానీ తెచ్చుకోండి. రెండింటికీ కరెంటు భాగాలు లేవు, సాధారణంగా అరిగిపోయేది ఒక జల్లెడో రబ్బరు రింగో. మోకా పాట్ ఎలాగూ పొయ్యి మీదే పనిచేస్తుంది. ఫ్రెంచ్ ప్రెస్‌కు కెటిల్ నీటిని మరిగాక అర నిమిషం ఆగి పోయండి, కాఫీకి 90 నుంచి 96 డిగ్రీలు సరైన వేడి. ఇంట్లో మంచి కాఫీ దొరుకుతున్న ఆ మూడు నెలల్లో బయట తాగిన ప్రతి కప్పునూ ఒక పుస్తకంలో రాయండి. సంఖ్య సగానికి పడిపోతే మీవారి మాట నిలిచినట్టే, అప్పుడు యంత్రం గురించి మళ్లీ ఆలోచిద్దాం. అప్పుడు కూడా క్యాప్సూళ్లది కాక పొడితో పనిచేసే ఎస్‌ప్రెస్సో (ఒత్తిడితో దించే చిక్కటి కాఫీ) యంత్రాన్ని చూడమంటాను. దాని పెట్టె మీద 15 బార్, 20 బార్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది (బార్ అంటే పీడనాన్ని కొలిచే ప్రమాణం). ఎస్‌ప్రెస్సో దిగడానికి కావలసింది సుమారు 9 బార్ల పీడనమే కాబట్టి, ఆ అంకె కోసం అదనంగా ఏమీ చెల్లించకండి.

వడ్డీ లేని వాయిదాల మాటకు వస్తే, మొత్తం ధర 100 అనుకోండి. రొక్కం ఇస్తే 5 తగ్గిస్తామని, వాయిదాలకైతే ముందుగా 3 రుసుము కట్టాలని అన్నారనుకుందాం. అప్పుడు మీరు నిజంగా అప్పుగా తీసుకున్నది 92, పన్నెండు నెలల్లో తిరిగి కట్టేది 100. నెలనెలా తీరుతూ పోయే అప్పు కాబట్టి, ఇది ఏడాదికి 15 శాతం దాటిన వడ్డీకి సమానం. రొక్కానికి ఎంత తగ్గిస్తారో, రుసుము ఎంతో అడిగి ఈ లెక్కలో మీ అంకెలు వేసుకోండి. రెండూ సున్నా అయితే అది నిజంగా వడ్డీ లేని వాయిదాయే. ఏదేమైనా, కట్టబోయిన వాయిదా మొత్తాన్ని ఈ మూడు నెలలూ విడిగా దాచండి. యంత్రం కొనాలని తేలితే అదే తొలి మొత్తం అవుతుంది.

కెటిల్ తెచ్చాక, కొన్ని వారాలకు అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. నీటిలోని సున్నం అది. ఆ పొర మందమైతే వేడి నీటికి ఆలస్యంగా అందుతుంది, అడుగుభాగం అతిగా వేడెక్కి కెటిల్ త్వరగా పాడవుతుంది. నెలకోసారి అర లీటరు నీటిలో చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి కాచి, అరగంట ఉంచి పారబోసి, రెండుసార్లు శుభ్రమైన నీటితో కాచి కడిగేయండి. ఫ్లాస్కు కొనేటప్పుడు మూతలోని రబ్బరు రింగు విడిగా దొరుకుతుందో లేదో అడగండి. సాధారణంగా ముందు పోయేది అదే, అది దొరకకపోతే మిగతా ఫ్లాస్కు ఎంత బాగున్నా పక్కన పెట్టేయాల్సి వస్తుంది.