పీహెచ్‌డీ చివర్లో ఉన్నాను, లైఫ్ సైన్సెస్‌లో పోస్ట్‌డాక్ ఎలా వెతుక్కోవాలి?

మీది పాలమూరు వైపు ఊరు, జువాలజీలో పీహెచ్‌డీ, ఏడాదిలోపు థీసిస్ ఇచ్చేస్తారు, రెండు పేపర్లు వచ్చాయి, పెద్ద సంస్థల్లో తెలిసినవాళ్లు ఎవరూ లేరు. కనిపించిన ప్రతి ప్రకటనకూ అప్లై చేస్తున్నా జవాబే రావడం లేదన్నారు. రాష్ట్ర యూనివర్సిటీ అని పక్కన పడేస్తున్నారేమోనని మీ అనుమానం.

నాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ దగ్గర ఊరు. నేనూ రాష్ట్ర యూనివర్సిటీలోనే పీహెచ్‌డీ చేశాను, ఎముక కణాల మీద. తర్వాత జర్మనీలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ఒక ల్యాబ్‌లో కొన్నేళ్లు చేసే పరిశోధన కొలువు) చేసి ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఉన్నాను. మాకు వచ్చే అప్లికేషన్లు నేనూ చదువుతుంటాను కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

యూనివర్సిటీ పేరు కొంత అడ్డమే, కాదనను. కానీ మీకు జవాబులు రాకపోవడానికి అసలు కారణం అది కాదనుకుంటున్నాను. నేచర్ కెరీర్స్, యూరాక్సెస్ లాంటి పరిశోధన ఉద్యోగాల సైట్లలో ప్రకటన పడే సమయానికి ఆ ల్యాబ్ హెడ్ మనసులో తరచుగా ఒకరిద్దరి పేర్లు అప్పటికే ఉంటాయి. కాన్ఫరెన్స్‌లో కలిసినవాళ్లు, ముందే మెయిల్ రాసినవాళ్లు. సంస్థ నిబంధన ప్రకారం ప్రకటన ఇవ్వాలి కాబట్టి ఇస్తారు. దానికి వందల మందితో పాటు మీరూ పంపితే మీ మెయిల్ తెరిచే ఓపిక ఎవరికి ఉంటుంది? ప్రకటనలు చూడటం మానేయమని కాదు. మీ సమయంలో ఎక్కువ భాగం ప్రకటన పడకముందే ల్యాబ్‌ను పట్టుకోవడం మీద పెట్టండి.

పోస్ట్‌డాక్‌కు జీతం చాలావరకు గ్రాంట్‌లోంచి, అంటే ఒక ప్రాజెక్ట్ కోసం ల్యాబ్‌కు వచ్చే నిధుల్లోంచి వస్తుంది. కొత్తగా గ్రాంట్ వచ్చిన ల్యాబ్‌కు మనుషులు కావాలి, గ్రాంట్ అయిపోవచ్చిన ల్యాబ్ మీరెంత బాగున్నా తీసుకోలేదు. ఎవరికి ఎప్పుడు గ్రాంట్ వచ్చింది, ఎప్పటిదాకా ఉంది అనేది రహస్యం కాదు. అమెరికా అయితే అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ నడిపే ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ అనే వెబ్‌సైట్‌లో మీ సబ్జెక్ట్ మాటలు కొట్టండి: ప్రాజెక్ట్ పేరు, సొమ్ము, మొదలైన తేదీ, ముగిసే తేదీ అన్నీ వస్తాయి. జర్మనీకి గెప్రిస్, బ్రిటన్‌కు గేట్‌వే టు రీసెర్చ్, యూరోపియన్ యూనియన్ గ్రాంట్లకు కార్డిస్ ఉన్నాయి. అన్నీ ఉచితమే, లాగిన్ కూడా అక్కర్లేదు. మీ పని దేని మీదో ఆ నాలుగైదు మాటలతో వెతికి, గత ఏడాది కాలంలో మొదలైన గ్రాంట్లు చూసి ఒక జాబితా రాసుకోండి. అందులో కొత్తగా ల్యాబ్ పెట్టుకున్నవాళ్లను పైన పెట్టండి. పేరు మోసిన ల్యాబ్‌ల మీద అందరి కళ్లూ ఉంటాయి. కొత్త ల్యాబ్‌కు బెంచ్ దగ్గర గట్టిగా పనిచేసే మనిషి కావాలి, యూనివర్సిటీ పేరు అంతగా పట్టించుకోరు. నేను చేరింది కూడా అలాంటి ల్యాబ్‌లోనే.

ఇక మెయిల్. మా ల్యాబ్‌కు వచ్చేవాటిలో చాలా మటుకు 'రెస్పెక్టెడ్ సర్, మీ విలువైన పరిశోధన నన్ను ఎంతో ఆకర్షించింది' అని మొదలవుతాయి. ఏ పరిశోధనో ఉండదు. అదే మెయిల్ ఇంకో యాభై మందికి వెళ్లిందని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. నేను జర్మనీ ల్యాబ్‌కు రాసింది దాదాపు ఇలా ఉండింది: 'ఆస్టియోక్లాస్ట్ కణాలు ఆమ్లం వదిలి ఎముకను కరిగించే తీరు మీద మీ పేపర్ చదివాను. ఫ్లోరైడ్ చేరిన ఎముక ఖనిజం ఆమ్లానికి అంత తేలిగ్గా కరగదు. మా జిల్లాలో తాగునీటి ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగాను, నా థీసిస్ దాని మీదే. మీ పద్ధతిలో ఫ్లోరైడ్ ఉన్న ఎముక ముక్కలు పెట్టి చూస్తే ఆ కణాలు ఏం చేస్తాయన్నది నా ప్రశ్న. ప్రైమరీ కల్చర్, కాన్ఫోకల్ నాకు బాగా వచ్చు. సీక్వెన్సింగ్ డేటా చూడటం రాదు, నేర్చుకోవాలని ఉంది. ఫలానా నెల తర్వాత చేరగలను.' అంతే. కింద రెండు పేజీల సీవీ, ముగ్గురు రెఫరీల (నా పని గురించి లెటర్ రాసేవాళ్ల) పేర్లు.

ఇందులో నా ర్యాంకులు లేవు, పొగడ్తలు లేవు. వాళ్ల పని చదివానని తెలుస్తుంది, నా దగ్గర ఒక ప్రశ్న ఉందని తెలుస్తుంది, ఏం వచ్చో ఏం రాదో తెలుస్తుంది. ఒక్కో మెయిల్‌కు రెండు మూడు రోజులు చదవాల్సి వస్తుంది, చదవండి. బయోఆర్కైవ్ సైట్‌లో ఆ ల్యాబ్ ప్రీప్రింట్లు (జర్నల్‌లో రాకముందే అందరికీ పెట్టే పేపర్లు) తప్పకుండా చూడండి, వాళ్ల తాజా పని అక్కడే కనిపిస్తుంది. మీ మూడో పేపర్ జర్నల్‌లో నలుగుతూ ఉంటే దాన్నీ అక్కడ పెట్టి లింక్ ఇవ్వండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి మర్యాదగా గుర్తు చేయండి. ఆ తర్వాత కూడా రాకపోతే వదిలేసి తర్వాతి పేరుకు వెళ్లండి. అది మీ మీద తీర్పు కాదు.

రెఫరెన్స్ లెటర్ల సంగతి చెప్పి తీరాలి. మన దగ్గర చాలామంది సార్లు 'నువ్వే రాసుకురా, సంతకం పెడతా' అంటారు. దానివల్ల మూడు లెటర్లూ ఒకే గొంతుతో ఉంటాయి, చదివేవాళ్లు ఇట్టే పసిగడతారు. మీ గైడ్‌కు ఒక పేజీ నోట్ ఇవ్వండి: మీరు ఏ ప్రయోగం సొంతంగా నిలబెట్టారు, ఎక్కడ చిక్కు వస్తే ఎలా విడదీశారు, జూనియర్లకు ఏం నేర్పారు. 'సార్, ఇవి గుర్తుకు ఉంటాయని రాశాను, లెటర్ మాత్రం మీ మాటల్లోనే రాయండి' అని అడగండి. అలా అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

మూడో రెఫరీ మీ యూనివర్సిటీ బయటి మనిషై ఉంటే చాలా బలం. తెలిసినవాళ్లు లేరన్నారు కదా, ఇక్కడ మన జిల్లాల వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్ల దూరమే. హబ్సిగూడ దాటగానే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ. దేశంలో చాలామంది విద్యార్థులు రైల్లో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చే చోట్లు ఇవి, మనం పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం సెమినార్‌కు ఉంటాం. బయటివాళ్లను అనుమతించే టాక్‌లు, వర్క్‌షాప్‌లు ఏవో వాళ్ల వెబ్‌సైట్లలో చూసి, ముందుగా మెయిల్ రాసి వెళ్లండి. ఒక ప్రశ్న అడగండి. టాక్ అయ్యాక టీ దగ్గర మీ పని గురించి రెండు నిమిషాలు చెప్పండి. ఒక టెక్నిక్ నేర్చుకోవడానికి కొన్ని వారాలు వస్తానని అడిగినా సరే. నా మూడో లెటర్ అలా పరిచయమైన సైంటిస్ట్ రాసిందే.

దేశంలోనే చేయాలనుకుంటే రెండు దారులు. ఒకటి ప్రాజెక్ట్‌లో రీసెర్చ్ అసోసియేట్‌గా చేరడం. 2023 జనవరి నుంచి కేంద్ర ప్రాజెక్టుల్లో ఆర్‌ఏ మొదటి మెట్టుకు నెలకు 58,000, రెండో మెట్టుకు 61,000, మూడో మెట్టుకు 67,000 రూపాయలు, ఇంటి అద్దె అదనం. ఈ నోటిఫికేషన్లు సంస్థల సొంత వెబ్‌సైట్లలోనే పడతాయి, గడువు చాలా తక్కువ ఇస్తారు, కాబట్టి వారానికోసారి చూడాలి. ఇండియా బయోసైన్స్ సైట్ కూడా చూస్తుండండి. రెండోది సొంత ఫెలోషిప్. నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ఇదివరకు పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ ఇచ్చేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ చూస్తోంది. వయసు, రిజర్వేషన్ సడలింపు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. మెంటార్, అంటే మిమ్మల్ని తన ల్యాబ్‌లో పెట్టుకునే సైంటిస్ట్ ఒప్పుకోవాలి, వాళ్ల సంస్థ లెటర్ ఇవ్వాలి. నోటిఫికేషన్ వచ్చాక మెంటార్‌ను వెతుక్కుంటే కుదరదు, ముందే మాట్లాడి ప్రపోజల్ రాసి పెట్టుకోవాలి.

బయటి దేశాలకు అయితే గడియారం చూసుకోండి. యూరప్ జీవశాస్త్ర సంస్థ ఎంబో ఇచ్చే ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ వచ్చిన రెండేళ్లలోపే అర్హత. జర్మనీ వాళ్ల హంబోల్ట్ ఫెలోషిప్‌కు నాలుగేళ్లు. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు ఏటా సెప్టెంబర్‌లో గడువు, జాతీయత అడ్డు కాదు, కానీ వెళ్లే దేశంలో అంతకుముందు మూడేళ్లలో పన్నెండు నెలలకు మించి ఉండకూడదు. అన్నింటికీ ముందు కావాల్సింది మిమ్మల్ని తీసుకుంటానని చెప్పే ల్యాబే. మీ మెయిల్‌లో 'మీ గ్రాంట్‌లో చోటు లేకపోతే ఈ ఫెలోషిప్‌కు కలిసి రాద్దాం' అన్న ఒక్క వాక్యం ఉంటే, లేదనబోయినవాళ్లు కూడా ఆలోచిస్తారు. అమెరికాలో 2025 నుంచి గ్రాంట్ల పరిస్థితి నిలకడగా లేదు, ఆ ఒక్క దేశం మీదే ఆశ పెట్టుకోకండి.

ఇంటర్వ్యూకు పిలిస్తే మీ థీసిస్ మీద అరగంట టాక్, ఆ తర్వాత ప్రశ్నలు. 'ఈ కంట్రోల్ ఎందుకు పెట్టావు, అది పనిచేయకపోతే ఏం చేస్తావు' అన్న తరహాలో తవ్వుతారు. మీ ఫిగర్లు మీకు కంఠతా ఉండాలి. మీరూ అడగండి: గ్రాంట్ ఎన్నాళ్లు ఉంది, కాంట్రాక్ట్ ఏడాదికోసారా, ప్రాజెక్ట్‌లో ఏ భాగం నేను వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లొచ్చు, వీసా, ప్రయాణం ఖర్చులు ముందిస్తారా తర్వాతా. చివరిది సిగ్గుపడి అడగరు మనవాళ్లు. మొదటి జీతం పడేలోపు టికెట్, అద్దె, డిపాజిట్ కలిపి పెద్ద మొత్తమే అవుతుంది, ఇంట్లో అప్పు చేయాల్సిన పరిస్థితి ఉంటే ఆ సంగతి ముందే తెలియాలి. ఆ ల్యాబ్‌లో ముందు పనిచేసి వెళ్లినవాళ్లలో ఇద్దరికైనా మెయిల్ రాసి మాట్లాడండి. ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడకపోతే ఆ ల్యాబ్ వద్దు. సీటు ఇప్పిస్తామని ఫీజు అడిగే కన్సల్టెన్సీల జోలికి అసలే పోకండి, నిజమైన ల్యాబ్ ఏదీ పైసా అడగదు.

ఇంట్లో 'ఇంకా చదువేనా బిడ్డా' అంటున్నారని రాశారు. మా అమ్మా అదే అడిగింది. పోస్ట్‌డాక్ చదువు కాదు, నెల జీతమొచ్చే కొలువు అని ఆఫర్ లెటర్ చదివి వినిపిస్తే అర్థం చేసుకుంది. డిగ్రీ కాలేజీ లెక్చరర్ నోటిఫికేషన్ పడితే దానికీ రాయండి, ఇది దానికి అడ్డు రాదు.

ఒక జాగ్రత్త. రాష్ట్ర యూనివర్సిటీల్లో థీసిస్ ఇచ్చాక వైవా దాకా నెలలు గడిచిపోతాయి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం వైవా ఫలితంతో సహా ఆరు నెలల్లో ముగించాలి, అవసరమైతే ఆ నిబంధన చూపించి ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో గట్టిగా అడగండి. వైవా అయి నోటిఫికేషన్ వచ్చిన రోజే ప్రొవిజినల్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. ఆఫర్ వచ్చాక చేరే తేదీని దాన్ని బట్టే అడగండి. కారణం చెబితే ల్యాబ్‌లు రెండు మూడు నెలలు ఆగుతాయి.