డిసర్టేషన్ కోసం బీహార్ దాకా పోవాలా? కావలి నుంచి ఒక తండ్రి ప్రశ్న

అమ్మాయి ఎంఏ పొలిటికల్ సైన్స్ ఫైనలియర్. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్నీ 2016 బీహార్ మద్యనిషేధాన్నీ పోల్చి డిసర్టేషన్, అంటే కోర్సు చివర ఇచ్చే పరిశోధన వ్యాసం, రాస్తానంది, నెలలు గడిచినా ఒక్క చాప్టరూ తేలలేదు. బావమరిది గారేమో డేటా అనలిటిక్స్ నేర్పించి అన్ని రాష్ట్రాల లెక్కలు కంప్యూటర్లో వేయించమంటున్నారు, లేకపోతే యూకే పంపిస్తే ఏడాదిలో అయిపోద్ది అంటున్నారు. ఏది మంచిది అని తండ్రి గారి ప్రశ్న, చివర్లో డబ్బులిచ్చి ఎవరిచేతన్నా రాయించొచ్చా అని కూడా.

ఆ చివరి మాట ముందు తేల్చేద్దాం. వద్దండీ. యూనివర్సిటీలని చూసే యూజీసీ 2018 రూల్స్‌లో కాపీ 10 శాతం దాటితే మళ్ళీ రాసివ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోద్ది. అదట్లా ఉంచండి, రేపు వైవాలో, అంటే ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగే పరీక్షలో, కూర్చునేది మీ అమ్మాయి, ఆ రాసిపెట్టినోడు కాదు. మీకు ఈ ఆలోచన ఎందుకొచ్చిందో నాకు తెలుసు, ఇంజనీరింగ్ కాదని ఎంఏలో వేసి పిల్ల బతుకు పాడుచేశామా అన్న భయం, ప్రతి ఏడూ నాకు రాసే తల్లిదండ్రులందరిదీ ఇదే. ఏం పాడుకాలేదు. పోల్చి రాసే పనిలో టైమంతా ప్రశ్న కుదరడానికే పోద్ది, అది కుదిరాక రాత పరిగెత్తుద్ది. మీరు రోజూ ఎన్ని పేజీలయ్యాయని అడగడం మాత్రం మానెయ్యాలి, ఆ అడగడం వల్లే పిల్ల సగం బెదిరిపోయుంటుంది.

అమ్మా, ఇది నీకు. టాపిక్ బాగుంది. బీహార్‌లోనూ 2015లో జీవిక అనే పొదుపు సంఘాల ఆడవాళ్ళే అప్పటి ముఖ్యమంత్రి నితీష్ కుమార్‌ని అడిగారు, అక్కడ నిషేధం నిలబడింది, మన దగ్గర 1993 అక్టోబర్‌లో సారా ఆగింది, 1995లో పూర్తి నిషేధం వచ్చింది, 1997కల్లా ఎత్తేశారు. ప్రశ్న గట్టిదే. కానీ ఇక్కడ నువ్వు మనుషుల్ని కలిసి మాట్లాడతావు, అక్కడిదంతా పేపర్ కటింగులు, ఒకవైపు మనుషుల మాట ఇంకోవైపు వార్త పెట్టి పోలిస్తే తూకం కుదరదు. అందుకని బీహార్‌ని ఆఖరి చాప్టర్‌కి తగ్గించి అసలు పోలిక మన జిల్లాలోనే పెట్టుకో. కలిగిరి వైపు ఉద్యమం జరిగిన ఊరొకటి, ఆ పక్కనే జరగని ఊరొకటి. అందరూ జరిగిన ఊరికే పోతారు, జరగని ఊరిని ఎవరూ అడగరు, అక్కడే ఉంది విషయమంతా. పెద్దవాళ్ళకి చదువు నేర్పే రాత్రి బడిలో సారా మీద పాఠం చదివి ఆడవాళ్ళు లేచారు అంటాం కదా, మరి జరగని ఊళ్ళో కూడా అదే రాత్రి బడి నడిచుంటే? అప్పుడు చదువొక్కటే కారణం కాదు, సారా కొట్టు ఎవరిది, వేలంపాటలో ఎవరు పాడుకున్నారు, కూలి డబ్బు ఎవరి చేతికొచ్చేది అని వెతకాలి. అన్నీ ఒకేలా ఉండి ఒక్కటి తేడా ఉన్నచోట కారణం పట్టుకోమని ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో చెప్పింది ఇదే. నిజం ఊళ్ళు అంత శుభ్రంగా దొరకవు, దొరకలేదని రాయడానికి మొహమాటపడకు.

ఇక బావమరిది గారి డేటా. ఇప్పుడందరికీ ఇదే మోజు, నాకైతే నమ్మకం చాలడంలేదు. నేర్చుకుంటే మంచిదే, ఉద్యోగానికి పనికొస్తది, కానీ 28 రాష్ట్రాల్లో మద్యనిషేధం ఉన్నవి గుజరాత్, బీహార్, నాగాలాండ్, మిజోరం, నాలుగే. నాలుగింటి మీద ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ నడిపినా ఏం తేలుద్ది? స్క్రీన్ మీద టేబుల్ అందంగా వస్తది, ఎందుకు అని అడిగితే జవాబుండదు. ఇంటర్ నుంచీ పిల్లల్ని అంకెల మీదే పెంచాం కదా, అంకె కనపడితే చాలు మనకి ధైర్యం.

యూకే కూడా అంతే, ఏడాది కోర్సులో డిసర్టేషన్‌కి మిగిలేది ఆఖరి వేసవి, దానికోసం లోను. పైగా చదువయ్యాక అక్కడ ఉండే వీసాకి 2027 జనవరి నుంచి అప్లై చేస్తే ఉండనిచ్చేది 18 నెలలే. ఇక్కడ యూజీసీ నెట్ పరీక్ష రాసి, పీహెచ్‌డీ చేసేవాళ్ళకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకి 37,000 వస్తాయి, పరీక్ష సంగతులు అమ్మాయికి తెలిసే ఉంటాయి. యూకే వద్దని కాదు, ముందు ఇది పూర్తి చెయ్యనివ్వండి.

మీరు చెయ్యగల సాయం ఒకటుంది. గైడ్ సరే అనగానే అమ్మాయిని బండి మీద కలిగిరి తీసుకెళ్ళండి. ఇంటర్వ్యూల దగ్గర మాత్రం పక్కన కూర్చోవద్దు, మగాళ్ళుంటే ఆ పెద్దావిడలు మొగుడి తాగుడు సంగతి నోరు విప్పరు. మీరు టీ కొట్టు దగ్గర ఆగండి, ఎంతసేపయినా ఫోన్ చెయ్యొద్దు.