పిస్టన్ కొత్తదే, అయినా ఇంజన్ పట్టేసింది!

ప్రశ్న: నాన్నగారి 1992 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే, నిరుడు బోరింగ్ (సిలిండర్ లోపలి గోడని కోసి సైజు పెంచడం) చేయించి కొత్త పిస్టన్ వేయించాను. మొన్న ఎండలో హైవే మీద పోతుంటే పిస్టన్ సిలిండర్‌లో ఇరుక్కుని ఇంజన్ పట్టేసింది. మెకానిక్ మళ్లీ బోరింగ్ చేద్దామంటున్నాడు. పదేళ్లు టెన్షన్ లేకుండా తిరగాలంటే ఏం చేయించాలి? పెద్ద కార్బురేటర్ వేస్తే మంచిదా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అప్పుడే బోరింగ్‌కి ఇవ్వకండి. ముందు ఆ పట్టేసిన పిస్టన్‌ని వెలుతురులో పెట్టి చూడండి. సైలెన్సర్ వైపే నిలువు గీతలు పడి ఉంటే ఆయిల్ చాలలేదు, లేదా పెట్రోల్ తగ్గి గాలి ఎక్కువైంది. చుట్టూ నాలుగు చోట్ల గీతలుంటే బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) బిగుతుగా ఉండొచ్చు, లేదా ఇంజన్ వేడెక్కకముందే గట్టిగా లాగించి ఉండొచ్చు. కారణం తెలియకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ పోతుంది.

మీ బండి విషయంలో నా అనుమానం క్రాంకు సీళ్ల మీద, అంటే పిస్టన్ కింద తిరిగే ఇరుసు (క్రాంకు) రెండు చివర్లా గాలి, ఆయిల్ దాటకుండా ఆపే రబ్బరు రింగుల మీద. ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోల్, గాలి, టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) అన్నీ ముందు క్రాంకు ఉండే కేసులోకి వచ్చి, పిస్టన్ దిగేటప్పుడు ఒత్తిడికి పోర్టుల్లోంచి పైకి వెళ్తాయి. ఏళ్లు కదలని బండిలో సీలు రబ్బరు అంచు గట్టిపడిపోతుంది. ఎడమ పక్క మాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి లాగేస్తుంది, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ స్పీడు వెంటనే దిగదు, అలాంటి బండిని హైవే మీద లాగితే మీకు జరిగిందే జరుగుతుంది. కుడి పక్క క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లోపలికి వెళ్లి కాలుతుంది, తెల్లపొగ ఆగదు, గేర్ ఆయిల్ తగ్గుతూ వస్తుంది.

కాబట్టి ఈసారి ఇంజన్ పూర్తిగా విప్పించండి. రెండు సీళ్లూ, క్రాంకు బేరింగులూ కొత్తవి వేయించండి. పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్ పట్టుకుని పైకీ కిందకీ లాగి చూడండి, పక్కలకి కొంచెం కదలడం మామూలే కానీ పైకీ కిందకీ ఏమాత్రం ఆడినా రాడ్ కిట్ మార్చాల్సిందే. కొత్త రాడ్ ప్రెస్ చేశాక క్రాంకుని డయల్ గేజ్ (వంకర కొలిచే ముల్లు మీటరు) పెట్టి సరిచేసే లేత్ షాపుకే ఇవ్వండి, వంకర 0.03 మిల్లీమీటర్లు దాటకూడదు. కంటితో చూసి సరిపోయిందనే చోట వద్దు. వైబ్రేషన్ వస్తుంది, బేరింగులు తొందరగా పోతాయి.

బోరింగ్‌కి సిలిండర్ ఒక్కటే పంపకండి, వేయబోయే పిస్టన్ కూడా తీసుకెళ్లండి. దాన్ని కొలిచి దాని కొలతకే బోరు చేయాలి. ఈ బండి అసలు బోరు 50 మిల్లీమీటర్లు, తర్వాతి సైజు 0.25 పెద్దది. బోరు అయ్యాక పోర్టుల అంచులు కత్తిలా ఉంటాయి, వాటిని కొంచెం మొండిగా అరగదీయించాలి, లేకపోతే పిస్టన్ రింగు అక్కడ తట్టుకుంటుంది. ఈ పని చాలా చోట్ల వదిలేస్తారు, దగ్గరుండి చేయించుకోండి.

బిగించాక, స్టార్ట్ చేయకముందే లీక్ టెస్ట్. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ మూసి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి చిన్న గాలి పంపుతో 6 పీఎస్ఐ (టైర్లలో గాలి కొలిచే లెక్కే) గాలి పట్టించి 6 నిమిషాలు చూడండి. నిమిషానికి 1 పీఎస్ఐ కన్నా ఎక్కువ పడిపోతుంటే సబ్బునీళ్లు రాయండి, బుడగ వచ్చిన చోటే లీకు. 6 దాటించకండి, ఒత్తిడి ఎక్కువైతే సీళ్లే దెబ్బతింటాయి.

ఇంజన్‌కి టూటీ ఆయిల్ అందించే ఆయిల్ పంపు పైపులో గాలి బుడగ లేకుండా చూసుకోండి. ధైర్యం కోసం మొదటి ట్యాంకులో లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ విడిగా కలపండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, దానితో పెట్రోల్, గాలి మిశ్రమం కాస్త పలచబడుతుంది (గాలి పాలు ఎక్కువవుతుంది), పాత రబ్బరు పైపులు కూడా పాడవుతాయి. పైపులు మార్చండి, కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి స్పార్క్ ప్లగ్ చూడండి. లేత చాక్లెట్ రంగు ఉంటే సరే, తెల్లగా ఉంటే పెట్రోల్ ఇంకా చాలలేదు.

పెద్ద కార్బురేటర్ వద్దు. 98 సీసీకి 11 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ అది, పదేళ్లు నిలవాలంటే కంపెనీ సెట్టింగే ఉంచండి. ఆ డబ్బుతో మంచి బేరింగులు కొనండి.

మొదటి 500 కిలోమీటర్లు స్పీడు 50 దాటకండి, ఒకే స్పీడులో ఎక్కువసేపు పోకండి. ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేర్‌లో వదలకండి, ఇంజన్ గిర్రున తిరుగుతుంటే ఆయిల్ పంపు ఇచ్చే ఆయిల్ మాత్రం చాలా తక్కువ. మధ్యమధ్యలో యాక్సిలరేటర్ కాస్త తిప్పుతూ ఉండండి. 500 అయ్యాక ఇంజన్ చల్లారినప్పుడు హెడ్ నట్లు ఒకసారి బిగించి, ప్లగ్ మళ్లీ విప్పి చూడండి.