టీఎస్‌హెచ్ 7.8 వచ్చింది, అమ్మ మాత్ర నేనూ వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది కావలి. నా వయసు 31. ఇంట్లో జాకెట్లు కుడుతుంటాను. కొన్ని నెలలుగా ఒకటే నీరసం, జుట్టు ఊడిపోతోంది, కాస్త లావయ్యాను. పరీక్ష చేయిస్తే ఫ్రీ టీ4 1.1, టీఎస్‌హెచ్ 7.8, యాంటీ టీపీఓ 412 అని వచ్చింది. 'నీ ఒంటిని నీ ఒళ్ళే తినేస్తోంది' అని ఎవరో అన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. మా అమ్మ ఏళ్ళ తరబడి థైరాయిడ్ మాత్ర 75 వేసుకుంటోంది. అదే నేనూ మొదలుపెట్టనా? మా అత్త క్యాబేజీ మానెయ్యమంటోంది, ప్యాకెట్ ఉప్పు కాకుండా కల్లుప్పు వాడమంటోంది. జుట్టు కోసం మెడికల్ షాపులో ఇచ్చిన బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నాను. ఒక పాప ఉంది, రెండో బిడ్డ కోసం చూస్తున్నాం.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ అమ్మగారి మాత్ర ముట్టుకోవద్దు. 75 అనేది ఆవిడ బరువుకీ, ఆవిడ గ్రంథి ఎంత దెబ్బతిన్నదో దానికీ సరిపోయిన మోతాదు. మీ గ్రంథి ఇంకా పనిచేస్తోంది.

ఆ మాట ఎలా అంటున్నానంటే, మీ ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ చేసే హార్మోన్, 1.1 ఉంది. చాలా ల్యాబుల్లో 0.8 నుంచి 1.8 దాకా మామూలే. టీఎస్‌హెచ్ థైరాయిడ్ చేసే హార్మోన్ కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపేది. పని మందగిస్తే మేస్త్రి గొంతు పెంచినట్టు, థైరాయిడ్ వెనకబడితే పిట్యూటరీ టీఎస్‌హెచ్ పెంచుతుంది. అందుకే ఈ అంకె పెరిగితే థైరాయిడ్ తగ్గుతోందని అర్థం. మా ఒంగోలు క్లినిక్‌లో రోజూ ఎవరో ఒకరు 'టీఎస్‌హెచ్ ఎక్కువుంది, మాత్ర వేసుకుంటే ఇంకా పెరగదా' అని అడుగుతూనే ఉంటారు. టీ4 కొంచెం తగ్గినా టీఎస్‌హెచ్ బాగా ఎగబాకుతుంది కాబట్టి, తేడా ముందు అక్కడే కనపడుతుంది. మీరున్నది ఆ తొలి మెట్టు మీద.

యాంటీ టీపీఓ అంటే థైరాయిడ్ మీదకు పోయే యాంటీబాడీల లెక్క, అది మనకు కారణం చెబుతుంది. ఒంట్లోని రక్షణ వ్యవస్థ థైరాయిడ్‌ను పరాయిదనుకుని దాని మీదకు పోతోందన్నమాట. దీన్ని 1912లో జపాన్ సర్జన్ హకారు హషిమోటో నలుగురు స్త్రీల గ్రంథులు పరిశీలించి రాశారు. ఆయన పేరే ఈ జబ్బుకు నిలిచింది. మీ ఒళ్ళంతా తినేస్తోందన్నది తప్పు మాట. దాడి ఆ చిన్న గ్రంథి మీదే, అదీ నెమ్మదిగా. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్‌లో 20 ఏళ్ళు గమనించిన సర్వేలో, టీఎస్‌హెచ్, యాంటీబాడీలు రెండూ ఎక్కువున్న స్త్రీలలో ఏడాదికి నూటికి సుమారు నలుగురికే థైరాయిడ్ పూర్తిగా మందగించింది. 412 అన్న అంకెను తగ్గించే పని పెట్టుకోకండి. మళ్ళీ మళ్ళీ ఆ పరీక్షకు డబ్బు పోయొద్దు, చికిత్స దాన్ని బట్టి మారదు.

మీరు ఉత్తరం చివర్లో ఒక్క ముక్కగా రాసిన రెండో బిడ్డ సంగతే నాకు అన్నిటికన్నా ముఖ్యం. టీఎస్‌హెచ్ 10 లోపు ఉన్న మిగతావాళ్ళకైతే రెండు మూడు నెలలు ఆగి మళ్ళీ చూద్దామంటాను, ఒక్కోసారి అదే సర్దుకుంటుంది. మీరు అలా ఆగొద్దు. కడుపులో బిడ్డ తొలి మూడు నెలలూ తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది. ఈ వారంలోనే డాక్టర్‌ను కలవండి. మీలాంటి వాళ్ళకు థైరాయిడ్ మాత్ర మామూలుగా 25 లేదా 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, టీఎస్‌హెచ్ 2.5 లోపుకు తెస్తాం. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ పరీక్ష. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టర్‌కు చెప్పండి, మోతాదు పెంచాల్సి రావచ్చు.

మళ్ళీ రక్తం ఇచ్చేముందు బయోటిన్ కనీసం రెండు మూడు రోజులు ఆపండి. కొన్ని యంత్రాల్లో అది టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. షాపుల్లో ఈ ముక్క ఎవరూ చెప్పడం లేదు, నాకు అదే బాధ. హీమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. టీ4 బాగున్నప్పుడు నీరసమంతా థైరాయిడ్ మీదకు నెట్టి, రక్తం తక్కువైతే వదిలేయడం మంచిది కాదు.

మాత్ర మొదలుపెడితే పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా తాగకూడదు. ఈమధ్య ఒకావిడ మోతాదు ఎంత పెంచినా టీఎస్‌హెచ్ దిగలేదు. సంచిలోంచి మందులన్నీ బల్ల మీద పెట్టించి చూస్తే, థైరాయిడ్ మాత్రా క్యాల్షియం బిళ్ళా ఒకే చిన్న డబ్బీలో కలిసి ఉన్నాయి. రెండూ ఒకే గుక్కలో మింగేవారట. క్యాల్షియానికీ ఐరన్‌కూ నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణులకు ఈ రెండూ ఇస్తారు కాబట్టి మీకిది బాగా గుర్తుండాలి. సీసాను పొయ్యి పక్క అలమరలో పెట్టకండి, మన ఎండలకు తోడు ఆ వేడి కూడా తగిలితే మందు పాడవుతుంది.

క్యాబేజీ వండుకుని మామూలుగా తినండి. ఉప్పు విషయంలో మాత్రం అత్తగారి మాట వినకండి. కాన్పు కోరుకునే మనిషికి అయోడిన్ తగ్గకూడదు. కల్లుప్పే ఇష్టమైతే, అయోడిన్ కలిపినదని ప్యాకెట్ మీద రాసి ఉన్నది చూసి కొనండి.