ఆ పాట ఎవరిదో ముందు తేల్చుకో

చిక్కడపల్లి, హైదరాబాద్

తల్లీ,

ఒక బ్యాండ్ గురించి నువ్వు రాసి పంపిన రెండు పేజీలూ రాత్రే చదివాను. సొంతంగా పాటలు కట్టుకుని పాడుకునే మన ఊరి పిల్లల గురించి వరసగా రాసే అవకాశం నీకు వచ్చిందని తెలిసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మా రోజుల్లో సినిమా పాట కాని పాటకి పత్రికలో అర పేజీ ఇప్పించాలంటే నెల రోజులు వెంటపడాల్సి వచ్చేది.

"చిన్నప్పటి నుంచీ సంగీతమంటే ప్రాణం" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం తీసెయ్. ప్రాణం కాకపోతే ఈ పనిలోకి ఎవరూ రారు. ఎవరికైనా సరిపోయే మాట నువ్వు రాసిన గాయకుడి గురించి ఏమీ చెప్పదు. దాని బదులు ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్లు: ఈ పాట ఎవరిది? మాటలు ఎవరు రాశారు, బాణీ ఎవరు కట్టారు, గొంతు ఎవరిది, రికార్డింగ్ ఎవరి చేతిలో ఉంది? వాళ్ల కెరీర్ కథంతా ఆ జవాబుల చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో విను. చాలా ఏళ్ల కిందట ఒక కాలేజీ బ్యాండ్ గురించి రాశాను. ముందు నిలబడి పాడే అబ్బాయి హుషారైనవాడు, చక్కగా మాట్లాడాడు. పాటలన్నీ అతనివే అనుకుని అలాగే రాసేశాను. నాలుగో రోజు వాళ్ల కీబోర్డు కుర్రాడు ఆఫీసుకొచ్చాడు. గొడవ చెయ్యలేదు. సంచిలోంచి వంద పేజీల నోట్‌బుక్ తీసి నా బల్ల మీద పెట్టాడంతే. అందులో ఒక పల్లవి ఏడుసార్లు రాసి కొట్టేసి ఉంది. చరణం పక్కన పెన్సిల్‌తో స్వరాలు. ఇంకో పేజీకి ఒక బస్సు టికెట్ పిన్ను చేసి ఉంది, దాని వెనక చిన్న చిన్న అక్షరాలతో రెండు లైన్లు. "మా నాన్న పేపరు కొనుక్కొచ్చారు సార్, నా పేరు కోసం వెతికారు" అన్నాడు. మర్నాడు సవరణ వేశాం, లోపలి పేజీలో ఒక మూలన. ఆయన కంట అది పడిందో లేదో నాకు తెలీదు. ఇప్పటికీ ఎవరి గురించి రాయాలన్నా ముందు ఆ నోట్‌బుక్కే కళ్ల ముందుకొస్తుంది.

మాటా తనదే, బాణీ తనదే, గొంతూ తనదే అయినవాళ్లని మనం వాగ్గేయకారులంటాం. గోరటి వెంకన్న గారికి ఆ మాట అతికినట్టు సరిపోతుంది. పాట రాసుకుంటారు, పాడతారు, పాడుతూ చిందేస్తారు. 2021కి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు కూడా అందుకున్నారు. అలాగని గిటార్ పట్టుకున్న ప్రతివాళ్లకీ ఆ మాట తగిలించెయ్యకు. అడిగి, తేల్చుకుని, అప్పుడు వాడు.

రామ్ మిర్యాల సంగతే చూడు. చౌరస్తా బ్యాండ్‌తో జనానికి తెలిశాడు, మన జానపదాన్నీ జమైకా సంగీతం రెగేనీ కలిపిన బ్యాండ్ అది. 2021లో 'జాతిరత్నాలు' సినిమాలో చిట్టి పాట పాడి ఇంటింటికీ చేరాడు. ఆ పాటకి మాటలు రామజోగయ్య శాస్త్రి గారివి, సంగీతం రధన్‌ది, రామ్‌ది గొంతు. మరుసటి ఏడాది 'డీజే టిల్లు' టైటిల్ పాటకొచ్చేసరికి మాటలు కాసర్ల శ్యామ్ రాస్తే, బాణీ కట్టిందీ పాడిందీ రామే. వినేవాళ్లకి రెండూ హిట్ పాటలే. రాసే నీకు మాత్రం ఆ రెండింటి మధ్య ఒక పెద్ద మెట్టు కనపడాలి. "వరస హిట్లతో దూసుకుపోయాడు" అని రాశావంటే ఆ మెట్టు కనపడకుండా పోతుంది.

రాహుల్ సిప్లిగంజ్ గురించి రాసేటప్పుడు చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. 2023లో 'నాటు నాటు'కి వచ్చిన ఆస్కార్ కీరవాణి గారిదీ చంద్రబోస్ గారిదీ, ఎందుకంటే ఉత్తమ పాట విభాగంలో అవార్డు పాట రాసి కట్టినవాళ్లకిస్తారు. రాహుల్, కాలభైరవ ఆ వేదిక మీద పాడారు. అది తక్కువ గౌరవమేం కాదు, ఉన్నదున్నట్టు రాస్తే చాలు. పాతబస్తీ కుర్రాడు యూట్యూబ్‌లో సొంత పాటలు పెట్టుకున్న రోజుల నుంచి మొదలుపెడితే అక్కడిదాకా ఎలా వచ్చాడో పాఠకుడికి దానంతటదే అర్థమవుతుంది.

డబ్బు సంగతి అడగడానికి మొహమాటపడకు. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక, సినిమాకి పాటిచ్చిన రచయితకీ సంగీత దర్శకుడికీ థియేటర్‌లో ఆడే సినిమా వరకు మినహా మిగతా వాడకాల మీద రాయల్టీలో వాటా ఉంటుంది, దాన్ని పూర్తిగా రాసిచ్చెయ్యమని అడగడానికి లేదు. రికార్డింగ్ హక్కు వేరే సంగతి, మామూలుగా అది ఖర్చు పెట్టి రికార్డు చేయించిన వాళ్లది. అందుకే సొంత డబ్బుతో పాట విడుదల చేసినవాళ్లకీ, లేబుల్‌కి, అంటే పాటలు విడుదల చేసే కంపెనీకి, ఇచ్చినవాళ్లకీ తేడా అడుగు. ఇంటి అద్దె దేంతో కడుతున్నారో కూడా అడుగు: కార్పొరేట్ షోలా, పెళ్లిళ్లా, పిల్లలకి గిటార్ పాఠాలా, గచ్చిబౌలిలో ఉద్యోగమా. మర్యాదగా అడిగితే చెబుతారు.

బ్యాండ్ అయితే ఎవరు ఎప్పుడు చేరారు, ఎప్పుడు వెళ్లిపోయారు, ఏ పాటలో ఉన్నారు, ముందే ఒక కాగితం మీద గీసుకో. ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ 1990లో మొదలైంది. 2009లో తబలా వాయిస్తూ పాడే అశీమ్ చక్రవర్తి చనిపోయారు, 2013లో గిటారిస్టు సుస్మిత్ సేన్ బయటికొచ్చేశారు. బ్యాండ్ మాత్రం సాగుతూనే ఉంది. ఈ లెక్క లేకుండా వాళ్ల గురించి రాస్తే ఒకరి వాయింపు ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

వ్యూస్ లెక్క రాస్తే పక్కన తేదీ వెయ్. మిలియన్లు వద్దు, లక్షల్లో కోట్లలో రాయి.

ఇంకొకటి. షో అందరూ చూస్తారు, నువ్వు దానికి ముందు మైకులూ వాయిద్యాలూ సరిచూసుకునే సౌండ్ చెక్‌కి వెళ్లు. బంజారాహిల్స్‌లో కార్యక్రమాలు జరిగే లామకాన్‌లో ఏడింటికి పాటలుంటే నాలుగున్నరకే వెళ్లి ఒక టీ తీసుకుని ఓ పక్కన కూర్చో. మైకు గుయ్యిమన్నప్పుడు ఎవరు విసుక్కుంటారు, ఎవరు లేచెళ్లి వైరు సరిచేస్తారు, చరణం ఆగిపోతే అందరూ ఎవరి మొహం వైపు చూస్తారు, అక్కడ కనపడుతుంది. ఇంటర్వ్యూలో గాయకుడే మాట్లాడతాడు, సౌండ్ చెక్‌లో బ్యాండంతా మాట్లాడుతుంది.

అచ్చుకి పంపేముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పేర్లూ ఏళ్లూ చదివి వినిపించు. వ్యాసమంతా వినిపించక్కర్లేదు, ఆ వివరాలు చాలు.

నీ రెండో పేజీలో గాయకుడి గురించి ఆరు పేరాలున్నాయి, గిటారిస్టుకి రెండు లైన్లున్నాయి. డ్రమ్స్ వాయించే అమ్మాయిని "మరొక సభ్యురాలు" అన్నావు. రేపు పొద్దున్నే ఆ అమ్మాయికి ఫోన్ చేసి పేరు కనుక్కో, ఇంటిపేరుతో సహా.

నీ మావయ్య